ఆస్ట్రేలియా పాట 'వాల్ట్జింగ్ మటిల్డా' పేరుకు అర్థం మటిల్డా అనే అమ్మాయితో డాన్స్ చేయడమా?

కాదు, పడక మూట వీపున వేసుకుని పని వెతుక్కుంటూ కాలినడకన తిరగడాన్నే ఆస్ట్రేలియా పల్లె యాసలో అలా అనేవారు.

19వ శతాబ్దంలో అక్కడ గొర్రెల ఉన్ని కత్తిరించడం సీజన్ పని. ఒకచోట మంద అయిపోతే కూలీలు ఇంకోచోటికి మైళ్లకు మైళ్లు నడవాల్సిందే. బట్టలు, చిన్నాచితకా సామాను దుప్పట్లో చుట్టి కట్టేస్తే అదే మూట, రాత్రికి అదే పడక. ఆ మూటకే 'మటిల్డా' అని ఆడపేరు. ఒంటరి నడకలో తోడుండేది అదొక్కటే మరి. మోసేవాణ్ని స్వాగ్‌మ్యాన్ అంటారు.

ఆస్ట్రేలియా కవి బ్యాంజో ప్యాటర్సన్ 1895లో క్వీన్స్‌లాండ్‌లోని వింటన్ దగ్గర రాసిన ఈ పాటనే చూడండి. స్వాగ్‌మ్యాన్ నీటిమడుగు పక్కన తగరపు డబ్బాలో టీ నీళ్లు కాచుకుంటూ ఉంటాడు. నీళ్లు తాగడానికి వచ్చిన గొర్రెను పట్టి తన తిండి సంచిలో కుక్కుతాడు. గుర్రమెక్కి భూస్వామి, వెంట ముగ్గురు పోలీసులు వస్తారు. దొరకడం ఇష్టంలేక అతను మడుగులో దూకి చనిపోతాడు. ఒక్క గొర్రె కోసం ముగ్గురు పోలీసులు! 1891, 1894 సంవత్సరాల్లో ఉన్ని కూలీలు యజమానుల మీద పెద్ద సమ్మెలు చేశారు. ఈ పాట వచ్చింది ఆ గొడవల వేడి ఇంకా చల్లారని ప్రాంతంలోనే.

వాల్ట్జ్ (జంటగా చేసే డాన్స్) అనే మాట, హుషారైన ట్యూన్ కలిసి దీన్ని చాలామంది ప్రేమపాట అనుకుంటారు. నిజానికి పాటలో మటిల్డా అనే మనిషే లేదు. చివర్లో మడుగు దగ్గర వినిపించేది ఆ చనిపోయిన కూలీ గొంతు.