రాజకీయ వంతను తప్పిస్తే హాలు ఇస్తామన్నారు

ప్రభుత్వాన్ని బహిరంగంగా విమర్శించే కళాకారుడి ప్రదర్శనను ప్రభుత్వ కళాకేంద్రం రద్దు చేస్తే అది వాక్ స్వాతంత్ర్యానికి భంగం అవుతుందా, లేక తన హాలును ఎవరికి అద్దెకు ఇవ్వాలో తేల్చుకునే హక్కు ప్రభుత్వానికి కూడా ఉంటుందా అని మీరు అడిగారు. నేను న్యాయవాదిని కాను. గోదావరి డెల్టాలోని ఒక చిన్న పట్టణంలో చాలా ఏళ్లుగా కళాపరిషత్తు కార్యదర్శిగా ఉన్నాను. హాలుకు దరఖాస్తు రాయడం, చలానా కట్టడం, మైకు అనుమతి కోసం పోలీసు స్టేషను చుట్టూ తిరగడం నా పని. అందుకని ముందు మాకు జరిగింది చెప్పి, తర్వాత చట్టం సంగతికి వస్తాను.

బుర్రకథలో కథకుడికి చెరో పక్కన ఇద్దరు వంతలు ఉంటారు. ఒకరు హాస్యం చెబుతారు, రెండోవారు రాజకీయం చెబుతారు. ఏ వీరుడి కథ నడుస్తున్నా, మధ్యలో అడ్డం తగిలి ఈనాటి ఊరి సంగతులను అందులోకి లాక్కురావడమే ఆ రెండో వంత బాధ్యత. అంటే ఈ కళలో రాజకీయం ఎవరో బయటినుంచి తెచ్చి అతికించినది కాదు, దానికంటూ ఒక మనిషి, వాయించడానికి ఒక గుమ్మెట ఉన్నాయి. మా దళంలోని రాజకీయ వంత ఒక జాతరలో కాలవల్లో పెరిగిన గుర్రపుడెక్క గురించి మాట్లాడుతూ, "కాలవలో డెక్క కదల్లేదు గాని, డెక్క తీసిన బిల్లు మాత్రం మూడుసార్లు కదిలిందటండి, ఆయ్!" అన్నారు. ఆ ముక్క ఫోన్లలో తిరిగింది. తర్వాతి శనివారం మునిసిపల్ హాల్లో మా ప్రదర్శన ఉండగా, గురువారం మధ్యాహ్నం ఫోను వచ్చింది. హాల్లో కరెంటు పనులు మొదలయ్యాయి కాబట్టి కార్యక్రమం కుదరదని చెప్పారు.

శనివారం సాయంత్రం అటువైపు వెళ్లి చూస్తే, అదే హాలు ముందు సీరియల్ బల్బులు వెలుగుతున్నాయి, లోపల ఒక ప్రైవేటు బడి వార్షికోత్సవం జరుగుతోంది. సోమవారం రసీదు పట్టుకుని వెళ్లాను. మేనేజరు మంచివాడు, టీ తెప్పించాడు. "నన్నేం చెయ్యమంటారండి మాస్టారూ, పైనుంచి మాటండి. ఆ రాజకీయం చెప్పే ఆయన్ని తప్పించి ఇంకో ఆయన్ని పెట్టుకోండి, తేదీ సంగతి నేను చూసుకుంటానండి" అన్నాడు. ఆ మాటే కాగితం మీద రాసి ఇవ్వమని అడిగితే నవ్వేశాడు.

నా ఫిర్యాదు అంతా ఆ నవ్వు దగ్గరే ఉంది. తెల్లదొరల కాలపు 1876 నాటక ప్రదర్శనల చట్టం కింద ఒక నాటకాన్ని ఆపాలన్నా ఉత్తర్వు అనేది ఒకటి ఉండాల్సి వచ్చేది. ఆ చట్టాన్ని మన పార్లమెంటు రద్దు చేసింది. మన గోదావరి ప్రాంతపు రచయిత కాళ్లకూరి నారాయణరావు గారు రాసిన చింతామణి నాటకాన్ని 2022 జనవరిలో రాష్ట్ర ప్రభుత్వం నిషేధించినప్పుడు కూడా కారణం వేరు, ఒక సామాజిక వర్గం తమను కించపరుస్తున్నారని చేసిన ఫిర్యాదు. అయినా ఉత్తర్వు కళ్లెదుట ఉంది కాబట్టి దాన్ని హైకోర్టులో సవాలు చేయగలిగారు. ఫోనులో చెప్పిన కరెంటు పనిని ఏ కోర్టులో సవాలు చేస్తాం?

ఇక చట్టం సంగతి. న్యాయస్థానాలు చెప్పింది పూర్తిగా మనవైపే ఉందనుకోవద్దు. ప్రభుత్వ ఆవరణ అయినంత మాత్రాన అక్కడ సభ జరుపుకునే ప్రాథమిక హక్కు ఎవరికీ రాదని 1969లో సుప్రీంకోర్టు ఒక రైల్వే కేసులో తేల్చింది. కానీ మునిసిపల్ హాలు రైల్వే ఆవరణ వంటిది కాదు. ఇంత అద్దె అని బోర్డు పెట్టి, అడిగిన వారందరికీ ఇవ్వడానికే జనం పన్నులతో కట్టినది. అలాంటి చోట బడి వార్షికోత్సవానికి తెరిచిన తలుపును ఒక మనిషి అభిప్రాయం చూసి మూస్తే, రాజ్యాంగం 14వ అధికరణం చెప్పే సమానత్వం ప్రశ్న వస్తుంది. బహిరంగ స్థలాల్లో సభలకు అనుమతి విషయంలో, ఏ మార్గదర్శకాలూ లేకుండా పోలీసు అధికారికి అపరిమితమైన విచక్షణ ఇచ్చే నియమం చెల్లదని 1972లో హిమ్మత్‌లాల్ షా కేసులో అదే కోర్టు చెప్పింది. వాక్ స్వాతంత్ర్యం మీద 19(2) అధికరణం అనుమతించే ఆంక్షల్లో దేశ సార్వభౌమత్వం, భద్రత, శాంతిభద్రతలు, పరువునష్టం, కోర్టు ధిక్కారం వంటివి ఉన్నాయి గాని, పాలకులకు ఇబ్బంది కలగడం అనేది ఎక్కడా లేదు.

"గొడవలు జరుగుతాయండి" అన్నది రెండో సాకు. గొడవ చేస్తామని ఎవరో బెదిరించారని భావ ప్రకటనను అణచకూడదని, అదుపు చేయలేమంటూ రాజ్యం చేతులెత్తేయకూడదని 1989లో రంగరాజన్ కేసులో సుప్రీంకోర్టు స్పష్టంగా చెప్పింది. ఆచరణలో ఇది మనసుంటే మార్గం ఉంటుందన్నట్టే నడుస్తుంది. మునవర్ ఫారూఖీ హాస్య ప్రదర్శన 2021 నవంబరులో బెంగళూరులో శాంతిభద్రతల పేరుతో ఆగిపోయింది. 2022 ఆగస్టులో హైదరాబాదు శిల్పకళావేదికలో, అంటే ప్రభుత్వ వేదికలోనే, గట్టి పోలీసు బందోబస్తు మధ్య జరిగింది.

ప్రభుత్వమే ఖర్చు పెట్టి జరిపే ఉత్సవాల లెక్క కొంచెం వేరు. అక్కడ ఎవరిని పిలవాలో ఎంచుకునే వీలు ప్రభుత్వానికి ఉందని నేను ఒప్పుకుంటాను. పిలిచి, ప్రకటించి, తర్వాత వెనక్కి తగ్గడాన్ని మాత్రం ఎంపిక అనలేను. 2018 నవంబరులో ఢిల్లీలో కర్ణాటక సంగీత గాయకుడు టి.ఎం.కృష్ణ కచేరీ విషయంలో కేంద్ర ప్రభుత్వ విమానాశ్రయాల సంస్థ చేసింది అదే. దాన్ని వాయిదా అన్నారు. అప్పుడు ఢిల్లీ ప్రభుత్వం ముందుకొచ్చి ఆయన కచేరీ ఏర్పాటు చేసింది. సంతోషమే గాని, అప్పుడు కేంద్రంలోనూ ఢిల్లీలోనూ ఒకే పార్టీ అధికారంలో ఉండి ఉంటే ఆయన ఎక్కడ పాడేవారో నాకు తెలియదు.

ఇక్కడ నా తప్పు ఒకటి ఒప్పుకోవాలి. అంతకు కొన్నేళ్ల ముందు, వేరే పార్టీ అధికారంలో ఉన్నప్పుడు, ఇదే హాల్లో ఒక ప్రజాగాయకుడి కార్యక్రమం ఇలాగే చివరి క్షణంలో ఆగిపోయింది. ఆయన పాటలు నాకు గిట్టేవి కావు, ఆయన కోసం ఒక్క కాగితం కూడా రాయలేదు. మా వంతు వచ్చినప్పుడు ఆయన వచ్చి నా పక్కన నిలబడ్డారు. ఆ రోజు నేను తలెత్తి మాట్లాడలేకపోయాను.

మీకూ ఇలా జరిగితే రద్దుకు కారణం రాతపూర్వకంగా అడగండి. ఇవ్వకపోతే ఆ రోజే మీరే ఒక ఉత్తరం రాసి, ఎవరు ఏ మాట చెప్పారో పెట్టి, అందినట్టు ముద్ర వేయించుకోండి. తర్వాత సమాచార హక్కు చట్టం కింద దరఖాస్తు పెట్టండి; 30 రోజుల్లో జవాబు ఇవ్వాలి. నేను ఆ నెలలో జరిగిన కరెంటు పనుల ఫైలు నకలు అడిగాను. అలాంటి ఫైలు ఏదీ తమ కార్యాలయంలో లేదని జవాబు వచ్చింది. డిపాజిట్టు నాలుగు నెలలకు తిరిగి వచ్చింది.

మా కథ చివరికి ఒక రైసు మిల్లులో, ధాన్యం ఆరబోసే సిమెంటు కళ్లం మీద జరిగింది. మిల్లు యజమాని కుర్చీలు కూడా ఇచ్చి, ఒక్క షరతు పెట్టారు: "ఏం చెప్పుకున్నా పర్లేదండి, ధాన్యంలో తరుగు సంగతి మాత్రం ఎత్తకండి." మా వంత మాటకు కట్టుబడ్డారు. తరుగు ప్రస్తావన రావలసిన చోట ఏమీ అనకుండా, గుమ్మెట మీద మూడు దెబ్బలు వేసి మిల్లు కాటా వైపు చూశారు. కళ్లం అంతా నవ్వింది, యజమాని కూడా నవ్వారు. మరుసటి ఏడు మాత్రం కళ్లం ఇవ్వలేదు. అది ఆయన సొంత ఆస్తి, ఆయనను నేను ఏమీ అనలేను. అందుకే మళ్లీ మునిసిపల్ హాలుకే దరఖాస్తు పెట్టాను, కళాకారుల పేర్లు రాసే గడిలో రాజకీయ వంత పేరు అందరికన్నా ముందు రాశాను.