టైథ్ మ్యాపులో ఉన్న నంబరు పట్టికలో దొరకకపోతే

మ్యాపులో ఇంటి మీద 214 ఉంది, పట్టికలో 213 తర్వాత అది లేదు, విస్తీర్ణమూ కుదరట్లేదు అన్నారు కదండీ. ఇంగ్లండు, వేల్స్‌లలో చర్చికి చెల్లే దశమభాగాన్ని (టైథ్) నగదులోకి మార్చిన 1836 చట్టం కింద తయారైన పట్టికలివి; మ్యాపులోని ఒక్కో నంబరు స్థలం వివరాలు వీటిలో ఉంటాయి. సాధారణంగా నంబర్ల వరసలో ఉండవు. ముందు భూస్వామి పేరు, పక్కన సాగుదారు, ఆ తర్వాతే నంబరు. అందుకే నంబర్ల గడిని మొదటి పేజీ నుంచి చివరిదాకా వేలుపెట్టి చూడాల్సిందే.

విస్తీర్ణం దగ్గరే చాలామంది పొరబడతారు. 2.1.20 దశాంశం కాదు: 2 ఎకరాలు, 1 రూడ్, 20 పెర్చ్‌లు. ఎకరానికి 4 రూడ్‌లు, రూడ్‌కి 40 పెర్చ్‌లు. అంటే 2.375 ఎకరాలు.

ఉత్తర ఇంగ్లండులోని పెద్ద పారిష్‌లలో (ఒక చర్చి కిందికి వచ్చే ప్రాంతాలు) ఒక్కో టౌన్‌షిప్‌కి, అంటే పారిష్‌లోని ఉపవిభాగానికి, వేరే మ్యాపు ఉండొచ్చు. పక్క టౌన్‌షిప్ పట్టిక తెరిచారేమో, పైనున్న పేరు చూడండి. బ్రిటన్ నేషనల్ ఆర్కైవ్స్‌లో పట్టికలు ఐఆర్ 29 (IR 29), మ్యాపులు ఐఆర్ 30 (IR 30) అనే రికార్డు వరసల్లో ఉంటాయి.