సినిమా రావడం వల్లే పాత మ్యూజిక్ హాళ్లు మూతపడ్డాయా?

మ్యూజిక్ హాళ్లంటే స్టేజీ మీద పాటలు, కామెడీ చూపించిన బ్రిటన్ పాతకాలం థియేటర్లు. అవి మూతపడ్డ నేరం అందరూ సినిమా మీదకే తోసేస్తారు, నేను మాత్రం ఒప్పుకోను. స్కాట్లాండ్‌లోని గ్లాస్గోలో ఎంఎస్సీ చేసేటప్పుడు బ్రిటానియా పనాప్టికాన్ అనే హాలు పిచ్చి పట్టుకుంది నాకు, అందుకే దాని సంగతే చెప్తాను.

1850ల చివర్లో ట్రాన్‌గేట్ వీధిలో కట్టారు. మిల్లుల్లో, ఓడల యార్డుల్లో ఒళ్లు హూనం చేసుకున్న జనం పదిహేను వందల మంది దాకా చెక్క బెంచీల మీద ఇరుక్కుని కూర్చునేవాళ్లు. పాట నచ్చకపోతే చేతికందింది విసరడమే, ఓడల పనివాళ్లయితే ఇనుప రివెట్లే విసిరేవాళ్లట! 1896లో సినిమా వస్తే ఆ హాలు ఏడుస్తూ కూర్చోలేదు, అదే ఏడాది తన స్టేజీ మీదే బొమ్మ వేసింది. 1906లో పికార్డ్ అనే ఆయన చేతికొచ్చాక పైన మైనపు బొమ్మలు, కింద జూ కూడా పెట్టాడు. పాత సినిమాల కామెడీ జంట లారెల్ అండ్ హార్డీలో లారెల్ ఉన్నాడే, 16 ఏళ్ల వయసులో మొదటిసారి జనం ముందుకొచ్చింది కూడా ఆ ఏడాదే, ఆ స్టేజీ మీదే. హాలు మూతపడింది 1938లో. మరి 42 ఏళ్లపాటు సినిమా ఏం చేస్తున్నట్టు?

నా లెక్కలో అసలు దోషి మెత్తటి సీటు. 1927లో అదే ఊళ్లో గ్రీన్స్ ప్లేహౌస్ అనే సినిమా హాలు 4 వేలకు పైగా సీట్లతో వచ్చింది. అలాంటి చోటికి అలవాటుపడ్డాక ఈ చెక్క బెంచీల మీద ఎవడు కూర్చుంటాడు?

ఇది ఊరికే అనట్లేదు. ఇప్పుడు మళ్లీ తెరుచుకున్న పనాప్టికాన్‌లో పాతకాలం పద్ధతిలో వేసిన ఒక షోకి ఫిబ్రవరిలో వెళ్లాను. హీటింగ్ లేదు, అందరూ కోట్లు వేసుకునే కూర్చున్నారు. నా పక్కన పెద్దావిడ సంచిలోంచి వేడినీళ్ల బ్యాగు తీసి ఒళ్లో పెట్టుకుని, పాడేవాడు శ్రుతి తప్పగానే "ఇంటికెళ్లి ప్రాక్టీస్ చెయ్ నాయనా" అన్నట్టు ఏదో గట్టిగా అరిచింది. అతను పాట ఆపి, "మా అమ్మ కూడా ఇదే అంటుంది, మీరు అక్కచెల్లెళ్లా?" అన్నాడు. హాలంతా గోల. ఆవిడ అందరికంటే గట్టిగా నవ్వింది. మన మల్టీప్లెక్సుల్లో టికెట్ కంటే పాప్‌కార్న్‌కే ఎక్కువ పోసి, చీకట్లో ఫోన్లు చూసుకునే జనానికి ఈ సరదా ఏం తెలుస్తుంది? మా ఊరి నేల టికెట్ వాళ్లకి తెలుసు.

మూతపడ్డాక దాన్ని బట్టలు కుట్టేవాళ్లు కొనుక్కున్నారు. పైన అడ్డంగా సీలింగ్ వేయడంతో బాల్కనీ దశాబ్దాలపాటు ఎవరి కంటా పడలేదు, అలా బతికిపోయింది. ఇప్పుడు పైకెళ్లి చూడొచ్చు. చలికాలం వెళ్తే మాత్రం రెండు స్వెటర్లు వేసుకోండి.