ఎం1 గరాండ్ రైఫిల్‌లో తూటాలు నింపేటప్పుడు బొటనవేలు ఎందుకు నలుగుతుంది?

1936లో అమెరికా సైన్యం స్వీకరించిన ఈ రైఫిల్‌కు విడదీసే మేగజీన్ (తూటాల పెట్టె) ఉండదు. ఎనిమిది తూటాలను పట్టి ఉంచే ఉక్కు క్లిప్పును తూటాలతో సహా పైనుంచి లోపలికి నొక్కాలి. క్లిప్పు అడుగుదాకా దిగి కుదురుకోగానే, అంతవరకు వెనుక ఆగి ఉన్న బోల్టు (తూటాను గొట్టంలోకి నెట్టి మూసే భాగం) విడుదలై స్ప్రింగు బలంతో ముందుకు దూసుకొస్తుంది. వేలు ఇంకా దారిలోనే ఉంటే నలిగి గోరు నల్లబడుతుంది. అందుకే కుడి అరచేతి అంచును, బోల్టును కదిపే ఆపరేటింగ్ రాడ్ పిడికి ఆనించి బోల్టును ఆపుతూ, అదే చేతి బొటనవేలితో క్లిప్పును నొక్కాలి. ఒక్కోసారి బోల్టు తనంతట కదలక మొరాయిస్తుంది, అప్పుడు పిడిని అరచేత్తో చరచాలి.

చివరి తూటా పేలాక ఖాళీ క్లిప్పు ‘టింగ్’మంటూ బయటికి ఎగిరిపడుతుంది; ఆ చప్పుడు విని శత్రువు మీదపడేవాడన్న కథ మాత్రం, యుద్ధరంగపు హోరును తలుచుకుంటే, నమ్మశక్యంగా అనిపించదు.