పీఫాస్ కలిసిన నీళ్లు తాగాం: నీళ్లు ఎక్కువ తాగితే ఒంట్లోంచి పోతుందా? పాపకు పాలు మానేయాలా?

న్యూజెర్సీలో మీ టౌన్ నీళ్లలో పీఫాస్ (PFAS, ఫ్లోరిన్ ఉండే, మనుషులు తయారుచేసిన రసాయనాల గుంపు) పరిమితి దాటిందని ఉత్తరం వచ్చిందన్నారు, రోజుకు నాలుగైదు లీటర్ల నీళ్లు తాగితే మూత్రంలో పోతుందా, పాపకు తల్లిపాలు మానేయాలా అని అడిగారు. నేనూ ఇక్కడే ఉంటాను, మాకూ అలాంటి ఉత్తరమే వచ్చింది, రక్తపరీక్ష కూడా చేయించుకున్నాను కాబట్టి కాస్త వివరంగానే రాస్తున్నాను.

మాది నల్గొండ జిల్లా. ఫ్లోరోసిస్‌తో నడుం వంగిపోయిన పెద్దవాళ్లను చూస్తూ పెరిగాను, అందుకే నీళ్లలో ఫ్లోరిన్ అనగానే అదే భయం పట్టుకుంది. కానీ ఈ రెండూ వేరు. మన బోరు నీళ్లలోని ఫ్లోరైడ్‌ను పెద్దవాళ్ల కిడ్నీలు గంటల్లోనే దాదాపు సగం బయటికి పంపేస్తాయి, మిగిలింది ఎముకల్లో చేరుతుంది. పీఫాస్‌లో ఫ్లోరిన్ కార్బన్‌కు అతుక్కుని ఉంటుంది, ఆ బంధాన్ని విడగొట్టే ఎంజైమ్ మన ఒంట్లో లేదు. అది ఎముకల్లోకి ఫ్లోరైడ్‌లా చేరదు, ఎక్కువగా రక్తంలో, లివర్‌లో, కిడ్నీల్లో ఉంటుంది.

మామూలుగా ఒక పారాసిటమాల్ వేసుకుంటే లివర్ దానికి ఇంకో అణువును తగిలించి కిడ్నీలు పంపేసేలా తయారుచేస్తుంది. పీఫాస్‌లో ఎక్కువగా వినిపించే రకాలైన పీఎఫ్ఓఏ, పీఎఫ్ఓఎస్‌ల విషయంలో లివర్ చేయగలిగింది ఏమీ లేదు, లోపలికి ఎలా వెళ్లాయో అలాగే బయటికి రావాలి. ఇంకో చిక్కు కూడా ఉంది. మరకలంటని కార్పెట్లలో, నూనె పీల్చని ఫుడ్ ప్యాకెట్లలో వాడిన కొన్ని ఫ్లోరిన్ రసాయనాలను మాత్రం శరీరం కొంత మారుస్తుంది, అయితే అలా మారి చివరికి తేలేది పీఎఫ్ఓఏ లాంటిదే, అక్కడితో మార్పు ఆగిపోతుంది.

మరి మూత్రంలో ఎందుకు పోదు? ఇదే అసలు సంగతి. రక్తంలో ఇది అల్బుమిన్ అనే ప్రొటీన్‌ను పట్టుకుని ఉంటుంది కాబట్టి కిడ్నీ జల్లెడలోంచి దిగేదే తక్కువ. ఆ దిగినదాన్ని కూడా యూరిక్ యాసిడ్‌ను వెనక్కి తీసుకునే ట్రాన్స్‌పోర్టర్ల (కిడ్నీ కణాల్లోని రవాణా ప్రొటీన్ల) లాంటివి మళ్లీ రక్తంలోకి లాగేస్తాయి. పిత్తంతో పేగుల్లోకి వెళ్లినదీ అంతే, పేగు దాన్ని పీల్చి తిరిగి లివర్‌కు పంపుతుంది. ఎలుకల్లో ఇంత ఆలస్యం కాదు: ఆడ ఎలుక పీఎఫ్ఓఏను గంటల్లో వదిలించుకుంటుంది, మగ ఎలుకకు రోజులు పడుతుంది, మనిషికి ఏళ్లు. అందుకే జంతువుల లెక్కలు చూసి ధైర్యం తెచ్చుకోకండి. నాలుగు లీటర్ల నీళ్లు తాగినా కిడ్నీలు వెనక్కి లాక్కోవడం ఆగదు, పైగా ఆ నీళ్లు మీ కుళాయివే అయితే ఇంకా లోపలికి పోసుకుంటున్నట్టే. డిటాక్స్ పొడులకు డబ్బు పెట్టకండి, దయచేసి.

ఎన్నేళ్లు అంటే, స్వీడన్‌లోని రోనెబీ లెక్క బాగా పనికొస్తుంది. మంటలార్పే ఫోమ్ వల్ల అక్కడి తాగునీరు పాడైంది, 2013 చివర్లో ఆ నీళ్లు ఆపేశాక జనం రక్తాన్ని పరీక్షిస్తూ వచ్చారు. సగానికి తగ్గడానికి పీఎఫ్ఓఏకు సుమారు 2.7 ఏళ్లు, పీఎఫ్ఓఎస్‌కు 3.4, ఇంకో రకం పీఫాస్ అయిన పీఎఫ్‌హెచ్‌ఎక్స్‌ఎస్‌కు 5.3 ఏళ్లు పట్టింది. ఇంకా పొట్టి గొలుసువి (కార్బన్లు తక్కువున్న పీఫాస్) అయితే రోజుల్లో, వారాల్లో పోతాయి. నేను ఇంట్లో ఫిల్టర్ పెట్టించాక రెండేళ్ల తేడాతో చేయించిన రిపోర్టులు పక్కపక్కన పెట్టి చూస్తే పీఎఫ్ఓఏ మూడో వంతుకు పైగా తగ్గింది, పీఎఫ్‌హెచ్‌ఎక్స్‌ఎస్ మాత్రం కొద్దిగానే కదిలింది. దాని స్వభావమే అది. కాబట్టి ఒక్క రిపోర్టు చూసి టెన్షన్ పడకండి, తగ్గుతూ వస్తోందా లేదా అన్నది చూడండి.

ముందు లోపలికి వెళ్లేదాన్ని ఆపాలి. కాచితే పోదు, నీళ్లు ఆవిరై ఉన్నది చిక్కబడుతుంది. ఆర్ఓ గానీ, పీఫాస్ తగ్గిస్తుందని సర్టిఫికెట్ ఉన్న కార్బన్ ఫిల్టర్ గానీ పెట్టించండి, కార్ట్‌రిడ్జ్ గడువు దాటనివ్వకండి. తాగడానికే కాదు, పప్పుకూ అన్నానికీ కూడా ఆ నీళ్లే వాడండి. స్నానానికి అక్కర్లేదు, చర్మంలోంచి వెళ్లేది చాలా తక్కువ.

పాలు మానేయకండి. పాలతో కొంత పాపకు వెళుతుందన్నది నిజమే, తల్లి రక్తంలో తగ్గేది కొంత అలాగే తగ్గుతుంది. అయినా ఎక్కువమంది తల్లులకు డాక్టర్లు పాలు ఇవ్వమనే చెబుతారు, ఫార్ములా పాలు కూడా ఆ కుళాయి నీళ్లతోనే కలుపుతాం కదా. పాప డాక్టర్‌కు ఆ ఉత్తరం చూపించండి.

మందుల సంగతికి వస్తే, పేగులో దాన్ని పట్టుకుని మలంతో బయటికి తెచ్చేది కొలెస్టైరమైన్, పాత కొలెస్ట్రాల్ మందు. డెన్మార్క్‌లోని కోర్సోర్‌లో పీఎఫ్ఓఎస్ బాగా ఎక్కువున్నవాళ్లకు ఇస్తే 12 వారాల్లో 60 శాతం దాకా తగ్గింది. ఆస్ట్రేలియాలో ఫైర్‌మెన్ ఏడాది పాటు ప్లాస్మా (రక్తంలోని ద్రవభాగం) దానం చేస్తే కూడా తగ్గింది. కానీ పాలిచ్చే మీరు ఇవేవీ సొంతంగా మొదలుపెట్టకండి. ఆ మందు విటమిన్లను కూడా పట్టేసుకుంటుంది, థైరాయిడ్ మాత్ర వేసుకునేవాళ్లకు ఆ మాత్ర ఒంటికి సరిగ్గా పట్టనివ్వదు.