భార్య కోసం సెకండ్ హ్యాండ్ లగ్జరీ ఎస్‌యూవీ: ఢిల్లీ డీజిల్ బండి తీసుకోవచ్చా?

అన్నా, మీ ప్రశ్న చదివితే నవ్వొచ్చింది, ఎందుకంటే మా ఇంట్లో అలా బండి అందుకున్న భార్యని నేనే. 2020 మోడల్ జర్మన్ డీజిల్ ఎస్‌యూవీ, ఢిల్లీ రిజిస్ట్రేషన్, 24 లక్షలు, వదిన పుట్టినరోజుకి సర్‌ప్రైజ్, ఆవిడ నడిపేది హైదరాబాద్‌లో నల్లగండ్ల నుంచి గచ్చిబౌలి ఆఫీసుకి, మధ్యలో పిల్లల స్కూలు. ఇదే కదా మీరు రాసింది? సెకండ్ హ్యాండ్ లగ్జరీ బండి తీసుకోండి, తప్పేం లేదు. కానీ ఈ బండి వద్దు, సర్‌ప్రైజ్ అసలే వద్దు.

ముందు సర్‌ప్రైజ్ సంగతి. మావారు కూడా అలాగే ప్లాన్ వేశారు, మా మరిది నోరు జారాడు కాబట్టి బతికిపోయాం. ఆయన మనసు పడ్డ బండిలో నేను కూర్చుంటే, సీటు ఎంత పైకెత్తినా బానెట్ ఎక్కడ అయిపోయిందో తెలియట్లేదు, అద్దం పక్కన పిల్లర్ లావుగా ఉండి కుడివైపు తిప్పేటప్పుడు ఎదురొచ్చే మనిషి కనబడట్లేదు. డీలర్ దగ్గరి కుర్రాడేమో "మేడమ్, 360 కెమెరా ఉంది కదా" అంటాడు. కెమెరా ఉంటే సెల్లార్‌లో స్తంభం పక్కకి జరుగుతుందా? మా పార్కింగ్ రెండు పిల్లర్ల మధ్య, ర్యాంప్ దిగగానే ఎడమకి తిప్పాలి. పట్టుబట్టి ఆ బండిని మా సెల్లార్‌కే తెప్పించాను. లోపలికైతే దూరింది, డ్రైవర్ డోర్ మాత్రం సగమే తెరుచుకుంది. దాన్ని వదిలేసి ఒక సైజు చిన్నది, పెట్రోల్‌ది, ఇక్కడే రిజిస్టర్ అయిన సింగిల్ ఓనర్ బండి తీసుకున్నాం, రోజూ నేనే నడుపుతున్నా. గీత పడుతుందేమోనని లక్షలు పోసి కొన్న బండికి కవర్ కప్పి, ఆడవాళ్లు స్కూటీ మీద ఆఫీసుకెళ్తున్న ఇళ్లు మా బ్లాక్‌లోనే ఉన్నాయి, అందుకే చెప్తున్నా. వదినని తీసుకెళ్లండి, ఆవిడ వెళ్లే దారిలోనే, ఆవిడ వెళ్లే టైమ్‌కే నడపనివ్వండి, మీరు పక్క సీట్లో నోరు మూసుకుని కూర్చోండి (ఇది మావారికి చాలా కష్టమైంది).

ఇక డీజిల్. 2020 ఏప్రిల్ నుంచి వచ్చినవన్నీ బీఎస్6 (పొగ విషయంలో కఠినమైన ప్రభుత్వ ప్రమాణం), వాటిలో డీపీఎఫ్ అని పొగలోని మసిని పట్టే ఫిల్టర్ ఉంటుంది. ఆ మసి కాలిపోవాలంటే బండి వేడెక్కి కాసేపు ఒకే స్పీడులో ఆగకుండా పరిగెత్తాలి. నల్లగండ్ల నుంచి గచ్చిబౌలికి పొద్దున తొమ్మిదింటికి ఎలా వెళ్తారో మీకు నేను చెప్పాలా? ఇంజిన్ వేడెక్కేలోపే ఆఫీసు వచ్చేస్తుంది, మసి మాత్రం పేరుకుంటూనే ఉంటుంది. మా తోటికోడలికి సరిగ్గా ఇలాంటి బండే ఉంది, స్కూలు, కూరగాయలు, గుడి, అంతే దాని తిరుగుడు. డ్యాష్‌బోర్డులో ఫిల్టర్ లైటు వెలగడం మొదలయ్యాక ఆదివారం పొద్దున్నే మా బావగారు నానక్‌రామ్‌గూడ దగ్గర ఔటర్ రింగ్ రోడ్డు ఎక్కి శంషాబాద్ దాకా వెళ్లి తిరిగొస్తారు, అక్కడ పని ఉండి కాదు, ఫిల్టర్ కోసం. డీజిల్ ఆయనే పోయించుకోవాలి, టోల్ ఆయనే కట్టుకోవాలి. నిర్లక్ష్యం చేసి ఫిల్టరే మార్చాల్సి వస్తే బిల్లు లక్షల్లోకి పోతుంది. కొన్ని మోడళ్లకి యాడ్‌బ్లూ అని, పొగలోని విషవాయువుల్ని తగ్గించే ద్రవం కూడా పోస్తుండాలి, అది పూర్తిగా అయిపోతే ఒకసారి ఆపాక మళ్లీ స్టార్ట్ కాదు. నెలకోసారైనా విజయవాడో బెంగళూరో వెళ్లొచ్చేవాళ్లకి డీజిల్ బంగారం, మీ వాడకానికి పెట్రోలే. పెట్రోల్‌లో చూసుకోవాల్సిందల్లా ఈ20 సంగతి. ఇప్పుడు బంకుల్లో వచ్చేది 20 శాతం ఇథనాల్ కలిపిందే, పాత బండ్లన్నీ దానికి తయారైనవి కావు. పెట్రోల్ మూత తెరిచి లోపల స్టిక్కర్ మీద ఏముందో చూడండి, మాన్యువల్‌లో కూడా ఉంటుంది.

ఢిల్లీ బండి ఎందుకంత చవకంటే, అక్కడ పదేళ్లు దాటిన డీజిల్ బండ్లు రోడ్డెక్కకూడదని గ్రీన్ ట్రిబ్యునల్ ఆర్డరు వేసింది, 2018లో సుప్రీంకోర్టు కూడా అదే మాట చెప్పింది. ఆ తర్వాత కోర్టుల్లో అటూ ఇటూ నడుస్తూనే ఉన్నా, అక్కడి ఓనర్లకి భయం పోలేదు, ముందే అమ్మేస్తారు. అంటే బండి చెడ్డదని కాదు. కానీ మీకు చెప్పిన 24 లక్షలు అసలు ధర కాదు. అక్కడి ఆర్టీఓ నుంచి ఫామ్ 28 మీద ఎన్ఓసీ (బండి వేరే రాష్ట్రానికి వెళ్లడానికి అభ్యంతరం లేదనే కాగితం) రావాలి, ఫైనాన్స్ ఉంటే అప్పు తీరిపోయిందని బ్యాంకు నుంచి ఫామ్ 35 రావాలి, తర్వాత ఇక్కడ లైఫ్ టాక్స్ కట్టాలి. ఆ టాక్స్ మీరు కొన్న 24 లక్షల మీద కాదు, బండి కొత్తగా ఉన్నప్పటి ధర మీద. వయసును బట్టి శాతం తగ్గిస్తారు, అయినా లక్షల్లోనే తేలుతుంది. అక్కడ కట్టిన టాక్స్ ఇక్కడ లెక్కలోకి రాదు. "ఢిల్లీ నంబర్ మీదే తిప్పండి సార్, ఎవరు అడుగుతారు" అనే డీలర్లు ఉంటారు. 12 నెలలు దాటితే ఇక్కడ రిజిస్టర్ చేయించాల్సిందే, ఈలోపు ఎక్కడైనా ఆపితే టెన్షన్ పడేది స్టీరింగ్ వెనకున్న వదిన, డీలర్ కాదు. ఇదంతా కలిపి లెక్కేసి, టీఎస్ నంబర్ బండి ధర పక్కన పెట్టి చూడండి, తేడా చాలావరకు కరిగిపోతుంది.

ఖర్చుల దగ్గర ఒక్కటి గుర్తుంచుకోండి, బండి ధర సగానికి పడిపోయినా స్పేర్ పార్ట్స్ ధర పడిపోదు. మీరు 24కి కొన్నా అది 45 లక్షల బండి కిందే బిల్లు వేస్తారు. సిగ్నల్ దగ్గర ఒక ఆటో నా వెనక బంపర్‌ని తాకింది, చూడ్డానికి చిన్న సొట్ట, కానీ బంపర్‌తో పాటు లోపలి సెన్సర్లు, వాటి బ్రాకెట్లు, పెయింటు అని ఎస్టిమేట్ రెండు పేజీలు వచ్చింది. ఇన్సూరెన్స్ ఉంది కదా అంటారు. జీరో డెప్ (పార్టుల తరుగుదల కోసుకోకుండా ఇచ్చే కవర్) లేకపోతే ప్లాస్టిక్, రబ్బరు భాగాల్లో సగం మన జేబులోంచే, ఈ బండ్లలో దెబ్బ తగిలేవేమో ముందుగా ప్లాస్టిక్కే. అయిదేళ్లు దాటిన బండికి జీరో డెప్ కొన్ని కంపెనీలు ఇవ్వవు, ఇచ్చినా ప్రీమియం బాగానే గుంజుతారు. అందుకే కొనకముందే చాసిస్ నంబర్ ఇచ్చి కొటేషన్ తెప్పించుకోండి. పాత ఓనర్ నో క్లెయిమ్ బోనస్ (క్లెయిమ్ చేయనందుకు ప్రీమియంలో ఇచ్చే తగ్గింపు) మీకు రాదు, అది బండితో కాదు, ఆ ఓనర్‌తోనే పోతుంది. టైర్లు రన్‌ఫ్లాట్ (పంక్చరైనా కొంత దూరం నడిచేవి) అయితే వాటి రేటూ కనుక్కోండి, నాలుగూ ఒకేసారి మార్చాల్సి వస్తే ఆ నెల ఇంట్లో ఇంకేం కొనరు.

చెకింగ్ విషయానికొస్తే, "డాక్టర్ గారు వాడిన బండి" అని ప్రతి డీలరూ అంటాడు, హైదరాబాద్‌లో అంతమంది డాక్టర్లు ఉన్నారా అనిపిస్తుంది. ఆ మాట పక్కన పెట్టి, కంపెనీ సర్వీస్ సెంటర్‌లో చాసిస్ నంబర్ మీద హిస్టరీ తీయించండి, కిలోమీటర్ల మీటరు వెనక్కి తిప్పేశారా అన్నది అక్కడే దొరుకుతుంది. 2020 అక్టోబర్‌లో హైదరాబాద్‌లో, 2024 సెప్టెంబర్‌లో బుడమేరు పొంగి విజయవాడలో ఎన్ని కార్లు మునిగాయో చూశాం కదా, అవన్నీ తుక్కుకి పోలేదు. సీటు బెల్టుని చివరిదాకా లాగి చూడండి, మొదట్లో శుభ్రంగా ఉండి చివర బురద చార ఉంటే వెనక్కి వచ్చేయండి. సీటు కింద పట్టాల తుప్పు, కార్పెట్ అడుగున వాసన కూడా చూడండి. నేను వంగి ముక్కు పెట్టి వాసన చూస్తుంటే మావారు సిగ్గుపడ్డారు, పడనీండి.

డబ్బు దగ్గర, "కొంత క్యాష్ ఇస్తే రేటు తగ్గిస్తా" అంటే ఒప్పుకోకండి, 2 లక్షలు, ఆపైన నగదు తీసుకోకూడదని ఇన్‌కమ్ టాక్స్ చట్టమే ఉంది. బండి వదిన పేరు మీదే అనుకుంటే ఓనర్ మార్పిడికి ఇచ్చే 29, 30 ఫామ్‌లు మొదటే ఆవిడ పేరుతో రాయించండి, తర్వాత మారుద్దాం అంటే మళ్లీ ఇంకో ఓనర్ లెక్కలో పడుతుంది, అమ్మేటప్పుడు రేటు తగ్గుతుంది. కొంత మొత్తం ఆపి, ఆర్సీ ఆవిడ పేరు మీద చేతికొచ్చాకే ఇస్తామని అగ్రిమెంట్‌లో రాయించుకోండి. మాకు మొదటి డీలర్ ఒప్పుకోలేదు, రెండో అతను ఒప్పుకున్నాడు.