నక్కల్ని కాల్చేస్తే కోళ్లు మిగులుతాయా?

ప్రశ్న: మాది ముమ్మిడివరం దగ్గర ఒక లంక. నాటుకోళ్లతో పాటు కొన్ని టర్కీ కోళ్లు పెంచుతున్నాం. వరద తీసిన దగ్గర్నుంచీ నక్కల బెడద ఎక్కువైంది. ఈమధ్య రెండు టర్కీ పెట్టలూ, సంక్రాంతికని సాకుతున్న పుంజూ పోయాయి. మా బావమరిది అమెరికాలో, జార్జియాలో ఉంటాడు. జింకల వేటకీ, అడవి టర్కీల వేటకీ వెళ్తుంటాడు. అక్కడ కయోటీలని నక్కల్లాంటివి జింకపిల్లల్నీ టర్కీల్నీ తినేస్తున్నాయని ఏడాది పొడవునా కాల్చనిస్తారట. 'మీరింకా చూస్తూ కూర్చున్నారేంటి' అంటున్నాడు. అక్కడ చేసేది ఇక్కడ ఎందుకు చేయకూడదు?
– ఒక పాఠకుడు, కోనసీమ

జవాబు: పుంజు పోయిన బాధ కోనసీమలో ఎవరికీ విడమరిచి చెప్పక్కర్లేదు. మీ బావమరిది మాటలో నిజం ఉంది, ముందు దాని సంగతే చూద్దాం.

కయోటీ మన నక్కకి దగ్గరి చుట్టమే కానీ ఒళ్లు పెద్దది, ఇరవై కిలోల దాకా తూగుతుంది. ఒకప్పుడు అమెరికా పడమటి భాగంలోనూ నడిమి మైదానాల్లోనూ మాత్రమే ఉండేది. తూర్పున తోడేళ్లనీ ప్యూమాలనే పెద్ద పిల్లుల్నీ మనుషులే తుడిచిపెట్టేశాక ఆ ఖాళీలోకి మెల్లగా పాకింది, ఇప్పుడు హవాయి తప్ప అన్ని రాష్ట్రాల్లోనూ ఉంది. అది జింకపిల్లల్ని తినడం పుకారు కాదు. సౌత్ కరోలినాలో సవానా రివర్ సైట్ అనే పెద్ద అటవీ ప్రాంతంలో అప్పుడే పుట్టిన పిల్లలకి రేడియో కాలర్లు కట్టి గమనిస్తే నూటికి దాదాపు 23 మాత్రమే బతికాయి, చచ్చినవాటిలో ఎక్కువ కయోటీల నోట పడ్డవే. అంటే అక్కడి వేటగాళ్ల గోల ఉత్తిది కాదు.

అయితే ఆ కథ అక్కడితో అయిపోలేదు. 2010 నుంచి 2012 దాకా అదే చోట ఉచ్చులు వేసి కయోటీల్ని పెద్ద ఎత్తున తీసేశారు. మొదటి ఏడు నూటికి 51 పిల్లలు బతికాయి, అందరూ సంతోషించారు. రెండో ఏడు 20కి పడిపోయింది, అంటే తీయకముందు కంటే కూడా తక్కువ. మూడో ఏడు 43. అంత ఖర్చు పెట్టి, అంత పట్టుగా ఉచ్చులేస్తే వచ్చిన ఫలితం అది. మరి శనివారం పూట తుపాకీ పట్టుకుని వెళ్లి ఒకటో రెండో కాలిస్తే ఏం మారుతుందో మీరే ఆలోచించండి.

ఎందుకలా అంటే, ఒక జంటని కాల్చేస్తే వాటి హద్దులు ఖాళీ అవుతాయి, సొంత చోటు లేక తిరుగుతున్న కుర్ర కయోటీలు అందులోకి దిగిపోతాయి. మంద పల్చబడితే మిగిలినవాటికి తిండి ఎక్కువ దొరుకుతుంది, ఈతకి ఎక్కువ పిల్లలు బతుకుతాయి. 1975లో కాలిఫోర్నియా యూనివర్సిటీ వాళ్లు లెక్క కట్టి, ఏటా నూటికి 75 చంపుకుంటూ పోయినా అవి అంతరించడానికి 50 ఏళ్లకి పైనే పడుతుందని తేల్చారు. అమెరికా ప్రభుత్వ విభాగం ఒక్కటే ఏటా ఇంచుమించు 60 వేల కయోటీల్ని చంపుతోంది, అయినా అవి తగ్గలేదు.

జింకపిల్లకి అసలు కాపలా పొద. పుట్టిన తొలి వారాల్లో అది తల్లి వెంట తిరగదు, ఒళ్లంతా తెల్ల చుక్కలతో గడ్డిలో కదలకుండా పడుకుంటుంది, దాని ఒంటి వాసన కూడా చాలా తక్కువ. తల్లి రోజులో కొన్నిసార్లు వచ్చి పాలిచ్చి, మళ్లీ దూరంగా వెళ్లిపోతుంది, తన వాసన పట్టుకుని ఎవరూ పిల్ల దగ్గరికి రాకూడదని. కింద గడ్డీ పొదా దట్టంగా ఉంటే శత్రువు పక్కనుంచి పోయినా చూడకపోవచ్చు, నేల బోసిగా ఉంటే దాక్కోవడానికి చోటే ఉండదు. అందుకే జింకలు తగ్గిన చోట ముందు ఆడజింకల వేట తగ్గించమనీ, పొదలు పెరగనివ్వమనీ అక్కడి నిపుణులు చెప్తారు.

టర్కీల విషయంలో మాత్రం కయోటీ మీద పడే నింద దాని వాటాకి మించినది. అడవి టర్కీ నేల మీదే గూడు పెట్టి పదీ పన్నెండు గుడ్లు పెడుతుంది, 28 రోజులు పొదుగుతుంది. ఆ గుడ్లని ఎక్కువగా తినేది రకూన్లు, ఒపోసమ్‌లు, స్కంకులు అనే అక్కడి చిన్న జంతువులు, కాకులు, పాములు. కయోటీ పెట్టల్నీ పిల్లల్నీ పట్టదని కాదు, పడుతుంది. కానీ వసంతంలో వేటగాడు చెట్టుకి ఆనుకుని కూర్చుని పెట్ట కూత కూస్తాడు కదా, ఆ కూతకి పుంజుతో పాటు కయోటీ కూడా వస్తుంది. వేటగాడి కళ్లబడేది అదే. రాత్రి గుడ్లు తాగేసి పోయిన రకూన్ ఎవరికీ కనబడదు.

ఇక మన లంకలోకి వద్దాం. మన నక్క ఇంచుమించు పది కిలోల దాకా తూగే జంతువు. రెల్లు దుబ్బుల్లోనూ కాలువ గట్ల మీదా మడ అడవుల్లోనూ ఉంటుంది, ఎలుకలూ పీతలూ రేగుపళ్లూ చచ్చిన పశువులూ ఏది దొరికితే అది తింటుంది. సార్వా కోతలప్పుడు ఎలుకలు ఎంత ధాన్యం కన్నాల్లోకి లాక్కుపోతాయో ఏ రైతుని అడిగినా చెప్తాడు, ఎలుకల బుట్టలు పెట్టించడానికి డబ్బులిచ్చుకునే మనకి ఆ పని రాత్రిపూట ఉచితంగా చేసిపెట్టేవాటిలో ఇదొకటి. తీరం వెంబడి తాబేళ్ల గుడ్లు తవ్వి తింటుంది కూడా, ఆ నష్టం నిజమే. దాన్ని గుడ్ల చుట్టూ కంచె కట్టి, గుడ్లని హేచరీకి తరలించి కాపాడుకుంటున్నారు.

చట్టం సంగతి సూటిగా చెప్తున్నాను. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టాన్ని 2022లో సవరించాక నక్క మొదటి షెడ్యూల్లో, అంటే అన్నిటికంటే ఎక్కువ రక్షణ ఉన్న జాబితాలో ఉంది. చంపితే మూడేళ్లకి తక్కువ కాకుండా ఏడేళ్ల దాకా జైలు, జరిమానా కనీసం 25 వేలు. కోడి మాంసంలో గుళికల మందు కలిపి పెట్టడం మన వైపు కొందరికి అలవాటు. అది తిని నక్క ఒక్కటే చావదు. ఊరి కుక్కలూ, కాకులూ, గద్దలూ, బావురుపిల్లీ అన్నీ పోతాయి. కంచెకి కరెంటు పెట్టడం ఇంకా ఘోరం, తెల్లారి గడ్డికి వెళ్లిన మనిషే దాని మీద పడతాడు. దయచేసి ఆ రెండూ చేయకండి.

చేయాల్సింది ఇది. మీ టర్కీ పెట్టలు పోయింది పొదుగులో ఉన్నప్పుడా అన్నది గుర్తు చేసుకోండి. టర్కీ పెట్ట దొడ్లో పెట్టిన బుట్ట వదిలేసి ఏ దుబ్బులోకో వెళ్లి గుడ్లు పెట్టుకుంటుంది, రాత్రంతా అక్కడే నేల మీద కూర్చుంటుంది. దాన్ని వెతికి పట్టుకుని, గుడ్లతో సహా లోపలికి తెచ్చి మూయాలి. చీకటి పడకముందే కోళ్లన్నీ గూట్లోకి వెళ్లిపోవాలి. లంక నేల ఇసుక కాబట్టి నక్కకి తవ్వడం తేలిక, అందుకని ఇనుప మెష్‌ని గోడ కింద అడుగు లోతున పాతి, కింది అంచుని బయటి వైపుకి ఒంచండి. తవ్వే నక్క ఆ మెష్ తగిలాక వెనక్కి జరిగి తవ్వాలని అనుకోదు. చచ్చిన కోడినీ, చెరువులోంచి తీసిన చచ్చిన రొయ్యల్నీ గట్టు మీద పారేయకుండా లోతుగా పూడ్చండి. ఇదొక్కటీ మీ ఇంటివాళ్లే కాదు, లంక మొత్తం చేయాల్సిన పని, ఎందుకంటే పక్కవాళ్లు పారేసిన రొయ్యల కోసం వచ్చిన నక్కే పనిలో పనిగా మీ గూడూ చూసుకుని పోతుంది.

ప్రశ్న: మా బాతుల్ని ఎత్తుకుపోయేది నక్కో కుక్కో తెలియడం లేదు. ఎలా గుర్తుపట్టాలి?
– ఒక పాఠకురాలు, భీమవరం దగ్గరి ఊరు

జవాబు: సాయంత్రం గూడు చుట్టూ తడిమట్టి మెత్తగా అలికి వదిలేయండి, పొద్దున్నే చూడండి. నక్క అడుగు సన్నగా కోలగా ఉంటుంది, నడిమి రెండు వేళ్ల మెత్తలు వెనక భాగంలో అతుక్కుని ఉంటాయి, కుక్కకి అవి విడివిడిగా పడతాయి. అడుగు గుండ్రంగా ఉంటే బావురుపిల్లి కావచ్చు. దాని గోళ్లు పూర్తిగా లోపలికి ముడుచుకోవు కాబట్టి బురదలో గోళ్ల గుర్తు కనిపించినంత మాత్రాన కుక్క అనుకోవద్దు. నాలుగైదు బాతులు చచ్చి అక్కడే పడి ఉండి, తిన్నది తక్కువైతే ఎక్కువగా అది ఊరకుక్కల పని. నక్క సాధారణంగా ఒకదాన్ని పట్టుకుని పోతుంది, ఈకలు గట్టు వైపు దారి చూపిస్తాయి.

ప్రశ్న: ఇంట్లో నక్క కొమ్ము పెట్టుకుంటే కలిసొస్తుందని ఒకాయన అమ్ముతున్నాడు. కొనొచ్చా?
– ఒక పాఠకుడు, రావులపాలెం

జవాబు: కొనకండి. నక్కకి కొమ్ము ఉండదు. ఈ నమ్మకం పేరు చెప్పి నక్కల్ని చంపి, పుర్రె మీది చర్మాన్నీ వెంట్రుకల్నీ కొమ్ములా తయారుచేసి అమ్ముతారు. నిజంగా నక్క ఒంటిదైతే అమ్మినవాడిది నేరమే, కొని బీరువాలో దాచినవాళ్లదీ నేరమే. ఆయన మళ్లీ వస్తే దగ్గర్లోని అటవీశాఖ రేంజి ఆఫీసుకి ఫోన్ చేసి చెప్పండి.